రివెట్టు విప్పాలా, వదిలివేయాలా?

రివెట్టు మన ఉద్యోగులకు కొత్త వస్తువు కాదు. వంతెనల మీద, పాత బాయిలర్ల మీద వరుసలు తీరిన దాని తలలను మనమందరం చూసినవారమే. అయితే తాను ఎక్కబోయే విమానపు రెక్కకు తన ఇంటి గ్యారేజీలో తానే రివెట్లు కొట్టుకునే మనిషిని గురించి ఈసారి పాఠకులకు విన్నవించదలచాము.

అమెరికాలో ఈ అభిరుచి చాలాకాలం క్రితమే వేళ్లూనుకున్నది. ఇటువంటి వారికోసం పాల్ పోబెరెజ్నీ 1953లో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను స్థాపించారు. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ 1973లో నెలకొల్పిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ రేకులను, రిబ్బులను పెట్టెలలో పంపుతుంది. కొన్నవారు వాటిని ఇంటివద్ద కూర్చుకుంటారు. నిర్మాణంలో అధికభాగం ఔత్సాహికులే చేయాలన్నది అక్కడి ప్రభుత్వ నిబంధన. మన దేశంలోనూ ముంబయిలో మేడమీద విమానాన్ని నిర్మించిన పైలట్ అమోల్ యాదవ్, 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో దానిని ప్రజల ముందుంచారు.

ఈ పనిలో విరివిగా వాడే రివెట్టు వ్యాసం 3/32 అంగుళం, అనగా సుమారు 2.4 మిల్లీమీటర్లు. రంధ్రంలో దానిని దూర్చి, ఒకరు గాలి సుత్తితో తలపై కొడుతుంటే, రెండవవారు వెనుకవైపు తోకకు ఉక్కు దిమ్మను ఆనించి పట్టుకుంటారు. దెబ్బలకు తోక అణగి గుండీవలె విస్తరిస్తుంది. అంతకన్న ముఖ్యంగా, రివెట్టు కాండం ఉబ్బి రంధ్రాన్ని పూర్తిగా నింపుతుంది. జోడింపు బలమంతా అక్కడ ఉన్నది. అణగిన తోక వెడల్పు రివెట్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు రివెట్టు వ్యాసంలో సగం ఉండవలెనన్నది లెక్క.

రెక్క పైరేకును బిగించేటప్పుడు లోపలిభాగం కంటికి కనబడుతుంది. చివరగా కింది రేకు మూసేవేళ అది కనబడదు. రేకును కొద్దిగా వంచి, సందులోంచి చేయి చాచి, తడుముకుంటూ దిమ్మను పట్టవలసి ఉంటుంది. అనేక గృహాలలో ఆ చేయి భార్యదో, కుమారునిదో అయి ఉంటుంది. సుత్తి మోతలో మాట వినబడదు కనుక కార్ఖానాలలో వాడుకలో ఉన్న తట్టు సంకేతమే ఇక్కడా అక్కరకు వస్తుంది: ఒకసారి తడితే ‘కొట్టు’, రెండుసార్లు తడితే ‘బాగున్నది’, మూడుసార్లు తడితే ‘చెడిపోయినది, తీసివేయాలి’.

చిక్కంతా ఈ మూడవ సంకేతంలోనే ఉన్నది. తోక కొంచెం పక్కకు వాలితే, లేదా కొలత కన్న వెంట్రుకవాసి ఎక్కువ అణగితే, కొత్తవాని మనసు ఊరుకోదు. వెంటనే డ్రిల్లు అందుకుంటాడు. డ్రిల్లు మొన ఒకవైపుకు జారితే గుండ్రని రంధ్రం కోలగా మారుతుంది. అప్పుడు అంతకన్న లావు రివెట్టు వేయాలి. దానికి అంచునుండి చాలినంత దూరం మిగలాలి. చిన్న తల, లావు కాండం గల రివెట్లు ఇందుకోసమే దొరుకుతాయి. అక్కడివారు వాటిని ముద్దుగా ‘అయ్యో’ రివెట్లని పిలుచుకుంటారు. కనుకనే అనుభవజ్ఞులు, స్వల్పలోపమున్న రివెట్టును వదిలివేయుట మేలని, నిజంగా చెడినదానిని మాత్రమే తీయాలని చెబుతారు. తీసినప్పుడు కూడా తల వరకే తొలిచి, దానిని విరిచి, వెనుక ఆధారముంచి కాండాన్ని మెల్లగా బయటకు నెట్టాలి.

రివెట్టు పోతే మరొకటి వేయవచ్చును. రంధ్రం పాడైతే రేకే పాడైనట్లు. రంధ్రం విలువ ఎంతటిదో 2023లో వాన్స్ సంస్థకే తెలిసివచ్చినది. లేజరుతో కోసిన కొన్ని భాగాలలో, రివెట్టు తల రేకుతో సమంగా కూర్చునేందుకు రంధ్రపు అంచును గుంటగా నొక్కినప్పుడు, సన్నని పగుళ్లు కనిపించాయి. భాగాలను తిరిగి తయారుచేసి ఇవ్వవలసి వచ్చినది. ఇతర ఆర్థిక ఇబ్బందులు కూడా తోడై, ఆ డిసెంబరులో ఆ సంస్థ దివాలా చట్టపు రక్షణ కోరినది. కొన్నవారు తమ రెక్కలలోని రంధ్రాలను ఒక్కొక్కటిగా పరీక్షించుకున్నారు.

రెక్క మూసిన తరువాత తనిఖీ అధికారి చూడగలిగేది కొంతే. లోపల ఏ రివెట్టును వదిలారో, దేనిని మార్చారో, ఎందుకు మార్చారో కొట్టినవారికీ, దిమ్మ పట్టినవారికీ మాత్రమే తెలుసు. రేపు ఆ విమానంలో కూర్చునేదీ వారే. అందువలన మూసేముందు గేజితో కొలిచి, అద్దం పెట్టి చూసి, ఛాయాచిత్రాలు తీసి పుస్తకంలో వ్రాసుకునే ఆచారం వారిలో ఉన్నది.

మన కార్ఖానాలలో సంతకం చేసేవారు ఒకరు, ఆ యంత్రంపై ఆధారపడేవారు వేరొకరు. మూత బిగించేముందు ఆ రెండవ మనిషిని ఒకసారి తలచుకొని లోపల చూడవలసినదిగా మా సోదర ఉద్యోగులను కోరుతున్నాము.