పాట ముద్దు, పాడినోడు మైలా?

ప్రతి జనవరి 26న బడి ముందు జెండా ఎగరేసి ఒక మాట చెప్తరు: మన దేశం భిన్నత్వంలో ఏకత్వం. పంతుళ్లుగా మేమూ ఆ మాట చెప్పినం. పిల్లలు చప్పట్లు కొడతరు, మిఠాయి తింటరు, ఎవరి వాడకు వాళ్లు పోతరు. కులానికొక వాడ, కులానికొక బొందలగడ్డ. ఇదేనా భిన్నత్వం? భాష వేరు, పాట వేరు, తిండి వేరు, దేవత వేరు. ఇది సంపద. కానీ ఒకని పాట పెద్దది, ఇంకొకని పాట మైల అంటే అది కులం. ఈ రెండూ ఒకటేనన్నట్లు మాట్లాడేవాళ్లను నమ్మొద్దు.

నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య సంగతి చూడండి. డక్కలి కులస్తుడు. 12 మెట్ల కిన్నెర వాయిస్తడు. 2021లో సినిమా పాటలో ఆయన గొంతు వినబడితే జనం ఊగిపోయిండ్రు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి హైదరాబాదు శివారులో కూలి పని చేస్తున్నడని పత్రికలు రాసినయి. కళకు శాలువా, కళాకారునికి తట్ట, పార!

సర్కారును తిట్టడం సులువు. మరి మన సంగతేంది?

డక్కలోళ్లు చెప్పేది మాదిగల కథే. పటం పరిచి జాంబపురాణం చెప్తరు. భూమి పుట్టక ముందే ఆది జాంబవుడు పుట్టిండని చెప్తరు. మనల్ని పాదాల కింద పెట్టిన పురాణాల నడుమ, మనం అందరికన్న ముందటోళ్లమని చెప్పిన పురాణం అది. బడిలో మాకు ఎవరూ చెప్పలేదు. డక్కలోళ్ల నోట, చిందోళ్ల ఆటలో బతికింది. అంతటి కథ చెప్పినోన్ని మన పెద్దలు ఏం చేసిండ్రు? వాడ బయట ఉంచిండ్రు. దూరం నుంచి అన్నం పెట్టిండ్రు. ఊరు మనకు చేసిందే మనం వాళ్లకు చేసినం.

ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తున్నరని కొందరు మిత్రులు కోపగించుకుంటరు. దాస్తే పుండు మానుతదా? ఊరి చావడి ముందు సమానత్వం అడిగే నోరు, మన గడప దగ్గర మూగబోతే ఎట్లా?

తెలంగాణ షెడ్యూల్డు కులాల పట్టికలో 59 కులాలున్నయి. మాల, మాదిగ అందరికీ తెలుసు. డక్కలి, చిందు, మాష్టి, బుడగ జంగం, బ్యాగరి, మెహతర్ – వీళ్ల బతుకు గురించి మన కార్యకర్తల్లో ఎందరికి తెలుసు? వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి ఇక్కడ మూడు గ్రూపులుగా అమలుకొచ్చింది. దాని మీద మనలో వాదాలున్నయి, ఉండనీ. వాటాల లెక్క తేలినా మనసులు వాటంతట అవి కలవవు. ఏ జీవో కూడా మనల్ని ఒక బంతిలో కూర్చోబెట్టదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించింది ఇదే: సోదరభావం లేకుంటే స్వేచ్ఛా సమానత్వాలు పైపూతగానే మిగులుతయి.

అందుకే ప్రతి వాడకూ మా విన్నపం. ఒక డక్కలి కుటుంబాన్నో, చిందు మేళాన్నో పిలవండి. పటం వాడ చివర కాదు, నడుమ పరవండి. చిల్లర విసరకండి, మాట్లాడుకున్న కూలి చేతికివ్వండి. కథ అయినంక ఒకే బంతిలో కూర్చొని తినండి. వాళ్ల బిడ్డకు కులం సర్టిఫికెట్ లేకుంటే తహసీల్దారు ఆఫీసుకు మన పిలగాడు తోడు పోవాలె. బడిలో పేరు రాయించాలె.

ఒకరి కథ ఒకరం వినకుండా ఒకరి కోసం ఒకరం కొట్లాడలేం. ముందు మన గడప దాటనిద్దాం. అప్పుడు ఊరిని గట్టిగా అడుగుదాం.

జై భీం!