ఫ్యాను ఆపిన అవ్వ

పోయిన డిసెంబరు 14న, జాతీయ ఇంధన పొదుపు దినం రోజు, మన కాలేజీలో నినాదాల పోటీ పెట్టారు గదా. నేను తెలుగులో రాశాను: "అవసరం లేని ఫ్యాను ఆపు, అదే దేశానికి మేలు." రెండో బహుమతి వచ్చింది. ఆ సంతోషంలో అదే మాటను స్కెచ్ పెన్నుతో అట్ట మీద రాసి, మా హాల్లో స్విచ్ బోర్డు పైన అంటించేశాను.

మాది తిరువలం. అమ్మ తమిళం, నాయన తెలుగు, ఇంట్లో రెండూ కలిపే మాట్లాడతాం. చదవడం దగ్గరికొస్తే లెక్క వేరు. అమ్మకు తెలుగు అక్షరాలు రావు. నాయన, అన్న తమిళ మీడియంలో చదివారు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. నాకు అఆలు నేర్పింది చిత్తూరులో ఐదో క్లాసు దాకా చదివిన మా అవ్వ. అంటే నేను అంటించిన ఆ చీటీ మా ఇంట్లో చదవగలిగింది అవ్వ ఒక్కతే. అంటించినప్పుడు ఈ ఆలోచన నాకు రాలేదు.

మే నెల, అగ్ని నక్షత్రం రోజులు. మన వేలూరు ఎండ గురించి మీకు నేను చెప్పాలా! పరీక్ష రాసి, బస్సు దిగి, రెండు గంటలకు ఇంటికి వస్తే అవ్వ హాల్లో నేల మీద పడుకొని ఉంది. ఫ్యాను ఆపి ఉంది. రవిక తడిసిపోయింది. పిలిస్తే కళ్ళు తెరిచింది గాని మాట సరిగా రాలేదు. మజ్జిగలో ఉప్పేసి తాపించి, పక్కింటామెను పిలిచి, ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. గ్లూకోజు ఎక్కించారు. సాయంత్రం కాస్త తేరుకున్నాక, ఫ్యాను ఎందుకు ఆపినావని అడిగాను.

"నేనొక్కదాన్నే కదమ్మా ఉండేది. ఒక్కదానికి ఫ్యాను అవసరమా? నువ్వే రాసిపెట్టినావే."

అట్ట ఆ రాత్రే పీకేశాను. ఆ తర్వాతే కరెంటు లెక్క నిజంగా తెలుసుకోవాలనిపించింది. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్టు. మా హాల్లో ఉన్న పాత రకం ఫ్యాను సుమారు 75 వాట్లు. అంటే 13 గంటలు తిరిగితే ఒక యూనిట్టు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకైతే 111 గంటలు పడుతుంది. 2000 వాట్ల గీజరుకి అరగంట చాలు. నినాదాలన్నీ బల్బు మీద, ఫ్యాను మీదే రాస్తాం. గీజరు మీద ఒక్కటీ చూడలేదు నేను. ఇక మా ఇంట్లో ఏసీ గది ఒకటుంది. ఎండాకాలం అమ్మ, నాయన, అన్న, నేను నలుగురం అందులోనే పడుకుంటాం, 18లో పెట్టి దుప్పట్లు కప్పుకొని! అవ్వకు ఆ చలి పడదు, హాల్లోనే పడుకుంటుంది.

అందరికీ కలిపి ఒకే మాటగా "పొదుపు చెయ్యండి" అంటే ఇట్లే అవుతుందని నాకు అనిపిస్తోంది. ఎక్కువ వాడేవాళ్ళ చెవికి అది ఎక్కదు. ముందునుంచే తక్కువ వాడేవాళ్ళే ఇంకా తగ్గించుకుంటారు. 2012లో మన ఊళ్ళల్లో రోజుకు పది గంటలకు పైగా కరెంటు పోతుండేది. అప్పుడు నేను చిన్నపిల్లని, అవ్వ విసనకర్రతో విసురుతుంటే నిద్రపోయేదాన్ని. అట్లాంటి మనిషికి నేను పొదుపు నేర్పాలా?

అందుకే నా సలహా నినాదం కాదు, క్యాలెండరు. వంటింట్లో పాల లెక్క రాసుకుంటాం కదా, దాని పక్కనే రోజూ ఒకే టైముకు మీటరు అంకె రాయండి. డిజిటల్ మీటర్లో అంకెలు మారుతుంటాయి, కేడబ్ల్యూహెచ్ అని పడినప్పుడు కనిపించేదే మనకు కావాలి. ఈబీ వాళ్ళు రెండు నెలలకొకసారి లెక్క తీస్తారు. బిల్లు వచ్చేసరికి ఏ రోజు ఏం వాడామో ఎవరికి గుర్తుంటుంది? రోజూ రాస్తే మర్నాడే తెలుస్తుంది.

మేం నెల రోజులు రాసి చూశాం. ఏసీని 18 నుంచి 26కి పెంచి, తోడుగా ఫ్యాను వేస్తే రాత్రికి మూడు, మూడున్నర యూనిట్లు తగ్గాయి. అవ్వ రోజూ పగలు ఎనిమిది గంటలు ఫ్యాను ఆపుకొని రెండు నెలలు ఉక్కలో కూర్చుంటే మిగిలేది 36 యూనిట్లు. ఏసీ దగ్గర పది, పన్నెండు రాత్రుల్లోనే అంత మిగిలిపోయింది. నా తప్పు కూడా బయటపడింది. పొద్దున్నే కాలేజీకి వచ్చే తొందరలో ఒక్క చుడీదారు కోసం రోజూ ఇస్త్రీపెట్టె వేడి చేసేదాన్ని. ఇప్పుడు ఆదివారమే అన్నీ చేసి పెట్టుకుంటున్నాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో 2016 మేలో ప్రతి ఇంటికీ రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. కానీ మొత్తం 500 దాటితే, కింది యూనిట్లకున్న తక్కువ రేటు కూడా పోతుంది. కాబట్టి 510 వాడే ఇంట్లో ఆ చివరి పది యూనిట్లు తగ్గించుకుంటే మంచి లాభమే.

అయితే ఇదంతా సొంత మీటరు ఉన్నవాళ్ళకు. మనలో బాడిగ ఇళ్ళలో ఉండేవాళ్ళు, ఓనరుకి యూనిట్టుకింత అని ఒకే రేటు కట్టేవాళ్ళు ఉన్నారు. ఆ ఉచిత యూనిట్లు వాళ్ళ దాకా రావు. పొదుపు ఉపన్యాసం మాత్రం వాళ్ళకూ వస్తుంది! వచ్చే డిసెంబరులో మళ్ళీ పోటీ పెడితే, నినాదాలకు బదులు ఒక నెల మీటరు లెక్కలు తెమ్మని అడగండి మేడమ్. బాడిగ ఇళ్ళవాళ్ళు తాము కట్టే రేటు కూడా రాసి తెస్తారు. గోడ మీద పక్కపక్కనే పెట్టి చూద్దాం.

స్విచ్ బోర్డు పైన ఇప్పుడు వేరే చీటీ ఉంది: "అవ్వా, ఫ్యాను వేసుకో." ఏసీ రిమోటుకు అంటించిన "26" మాత్రం అందరూ చదవగలరు. మీటరు చూసే పని అవ్వే తీసుకుంది. నిన్న సాయంత్రం కళ్ళద్దాలు పెట్టుకొని క్యాలెండరు మీద అంకె రాసి, నన్ను పిలిచి మెల్లగా చెప్పింది: "మీ నాయన రాత్రి మళ్ళీ తొమ్మిది యూనిట్లు తాగినాడే!"