జీవామృతం కలిపే చేతికి అల్లం సోడా ఒక లెక్కా?



ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, జింజర్ బగ్ అనీ జింజర్ ఏల్ అనీ వీడియోలు. అల్లం, పంచదార, నీళ్ళు సీసాలో వేసి పులియబెడితే ఇంట్లోనే సోడా తయారవుతుందని చూపిస్తున్నారు. దాని మీద మనవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడుతున్నారు. కొందరేమో "ఇది సారా కాచినట్టే, మన కొంపల్లోకి వద్దు" అంటారు. ఇంకొందరు "ఇది తాగితే షుగరు, బీపీ, గ్యాసు అన్నీ పోతాయి" అంటారు. నా లెక్క ప్రకారం రెండూ తప్పే. ఇది సారా కాదు, మందు అంతకన్నా కాదు. మన తరవాణి కుండకి వరసకి చెల్లెలు. అంతవరకే అనుకుని ఇంట్లో చేసుకుంటే మంచిదే, చేసుకోవాలి కూడా.

ఎందుకంటే కీసర టోల్ గేటు దగ్గర కొట్ల నుంచి ఊళ్ళో కిరాణా కొట్టు దాకా కూల్ డ్రింకుల ఫ్రిజ్ లేని చోటు లేదు. చుట్టం వచ్చినా అదే, మిర్చి కోతల్లో మధ్యాహ్నం పూటా అదే. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకి ఇంచుమించు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే పావు లీటరు సీసా తాగితే ఐదారు చెంచాల పంచదార తిన్నట్టే. నిమ్మకాయలు, బెల్లం మనం అమ్మి, చక్కెర నీళ్ళు మనం కొనుక్కుంటున్నాం.

పులియబెట్టడం మనకి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. జీవామృతం ఎలా కలుపుతున్నాం? 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీద పిడికెడు మట్టి. నీడన 48 గంటలు. 2016 నుంచి రైతు సాధికార సంస్థ వాళ్ళు ఊరూరా చెబుతున్నది ఇదే. ఆ మట్టిలో, పేడలో ఉన్నది విత్తనం. బెల్లం, పిండి దానికి మేత. అల్లం సోడాలోనూ అంతే. అల్లం తొక్క మీదే సూక్ష్మజీవులు ఉంటాయి. పంచదార వాటికి మేత. అవి ఆ తీపిని తిని గ్యాసు, పులుపు, కాస్త ఆల్కహాలు వదులుతాయి. ఇడ్లీ పిండి పొంగేదీ, పొద్దున తియ్యగా దించిన కల్లు సాయంత్రానికి పుల్లబడేదీ ఇలాగే.

ఇంగ్లండులో అల్లం పండదు. ఓడల్లో తెప్పించుకుని, పులియబెట్టి, జింజర్ బీర్ పేరుతో తరతరాలుగా తాగారు. అందులో పనిచేసేదేంటో విడదీసి 1892లో ప్రచురించింది హ్యారీ మార్షల్ వార్డ్ అనే శాస్త్రవేత్త. ఒక ఈస్టు, ఒక బాక్టీరియా రెండూ కలిసి పనిచేస్తున్నాయని తేల్చాడు. అంతకుముందు సిలోనులో కాఫీ తోటల్ని తినేసిన తుప్పు తెగులు మీద పరిశోధన చేసింది కూడా ఈయనే. పంట తెగుళ్ళు చూసిన మనిషి ఇంటి సోడాని చిన్నచూపు చూడలేదు.

ఇక చేసే పద్ధతి. ముందు తోడు తయారు చేసుకోవాలి, పెరుక్కి తోడు ఉన్నట్టే. శుభ్రమైన గాజు సీసాలో రెండు గ్లాసుల నీళ్ళు పోసి, తొక్కతోనే తురిమిన అల్లం రెండు చెంచాలు, పంచదార రెండు చెంచాలు వేసి, పల్చటి గుడ్డ కట్టండి. క్లోరిన్ కలిపిన పంచాయతీ నీళ్ళైతే కాచి చల్లార్చి పొయ్యండి. రోజూ ఒక చెంచా అల్లం, ఒక చెంచా పంచదార వేసి తిప్పాలి. చలి దేశాల్లో వారం పడుతుంది. మన ఎండలకి రెండు మూడు రోజుల్లోనే బుడగలు వస్తాయి. వారమైనా రాకపోతే ఆ అల్లం వదిలేసి వేరే అల్లంతో మళ్ళీ పెట్టండి.

తోడు లేచాక రెండు లీటర్ల నీళ్ళలో 100 గ్రాముల దంచిన అల్లం, 150 గ్రాముల బెల్లం వేసి మరిగించండి. పూర్తిగా చల్లారనివ్వాలి, వేడిలో తోడు వేస్తే చచ్చిపోతుంది. వడకట్టి, మూడు నిమ్మకాయల రసం, అరగ్లాసు తోడు నీళ్ళు కలిపి ప్లాస్టిక్ సోడా సీసాల్లో మూడు వేళ్ళ ఖాళీ ఉంచి మూత బిగించండి. వేసవిలో ఒక రోజు, చలికాలంలో రెండు మూడు రోజులు. సీసా నొక్కితే రాయిలా ఉందంటే అయిపోయినట్టే. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు తాగెయ్యాలి.

గాజు సీసాలో ఎందుకు వద్దంటున్నానంటే, లోపల గ్యాసు ఎంత పట్టిందో పైకి తెలియదు. మన ఎండల్లో బయట మర్చిపోతే పేలుతుంది. గాజు పెంకు కంట్లో పడితే ఏ సోడా ఆ కన్ను తిరిగి తేలేదు. ప్లాస్టిక్ సీసా అయితే చేత్తో నొక్కి చూసుకోవచ్చు. పైన బూజు కట్టినా, కుళ్ళు వాసన వచ్చినా ఆలోచించకుండా పారబోయండి.

ఇప్పుడు మందు అనేవాళ్ళకి ఒక మాట. బెల్లమైనా చక్కెరే. సూక్ష్మజీవులు కొంత తింటాయి, అంతా తినవు. షుగరు ఉన్నవాళ్ళు దీన్ని ఔషధమనుకుని గ్లాసులు గ్లాసులు తాగితే నష్టపోయేది వాళ్ళే. మాత్రలు మాత్రం ఆపొద్దు.

సారా అనేవాళ్ళకి ఇంకో మాట. ఒకటి రెండు రోజుల్లో ఫ్రిజ్‌లో పెడితే మత్తెక్కేంత ఏమీ ఉండదు. కానీ సున్నా కూడా కాదు, రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. కల్లు సంగతి తెలిసిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అందుకే చిన్న పిల్లలకీ, గర్భిణులకీ, మాల వేసుకున్నవాళ్ళకీ ఇది ఇవ్వొద్దు. వాళ్ళకి పానకం ఉంది కదా. బెల్లం, శొంఠి, మిరియాలు. మంగళగిరి స్వామి రోజూ తాగేదే, అప్పటికప్పుడు కలిపేదే. మిర్చి కోతలకొచ్చిన కూలీలకి కూడా ఎండలో కావలసింది నీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ. ఈ సోడా సాయంత్రం ఇంటి అరుగు మీద పెద్దవాళ్ళు తాగేది.

కొందరు కుర్రాళ్ళు సీసాలకి లేబుల్ అంటించి అమ్ముదామంటున్నారు. తొందర వద్దు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం 0.5 శాతం ఆల్కహాలు దాటితే అది మద్యం లెక్కలోకి వస్తుంది. ఇంట్లో దాన్ని కొలవలేం. లైసెన్సు లేకుండా ఏ తిండి పదార్థమూ అమ్మకూడదు. ఒకసారి స్కాట్లాండులో, 1928లో, జింజర్ బీర్ సీసాలో కుళ్ళిన నత్త వచ్చిందని ఒకావిడ కేసు వేసింది. 1932లో లండన్ పెద్ద కోర్టు, మూత బిగించి అమ్మినవాడికి తాగేవాళ్ళ పట్ల బాధ్యత ఉంటుందని చెప్పింది. నాసిరకం విత్తనం సంచి విప్పి నష్టపోయే మనకి ఆ బాధ్యత విలువ బాగా తెలుసు. మనం అమ్మేటప్పుడు కూడా అది గుర్తుండాలి.

అల్లం కూడా కొననక్కర్లేదు. పాడేరు, జహీరాబాదుల్లోలాగా పంటగా వెయ్యమని చెప్పట్లేదు. జూన్‌లో ఒక గోనె సంచిలో మట్టి, మాగిన ఎరువు నింపి, మొలక కన్నున్న ముక్కలు నాలుగు పెట్టి, చెట్టు నీడన ఉంచండి. నీళ్ళు నిలవకుండా చూసుకుంటే ఎనిమిది తొమ్మిది నెలలకి, అంటే సరిగ్గా ఎండలు ముదిరే ముందు, చేతికొస్తుంది. మందు కొట్టని అల్లం, తొక్కతో సహా వాడుకోవచ్చు.

పొలం కోసం డ్రమ్ములు డ్రమ్ములు పులియబెడుతున్నాం. ఇంటి కోసం ఒక్క సీసా పెట్టలేమా? ఈ వేసవికి కొట్టు సీసాలు సగం తగ్గినా చాలు, చేసిన పని దండగ కాదు.