ప్రయోగము – ఉపసంహారము

మహాభారతమున సౌప్తికపర్వమందు ఒక ఘట్టము కలదు. అశ్వత్థామ క్రోధవశుడై బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించెను. దానిని శమింపజేయుటకై అర్జునుడును అదే అస్త్రమును సంధించెను. లోకములు దగ్ధమగునని వ్యాసనారదులు నడుమ నిలిచి వారింపగా, అర్జునుడు తన అస్త్రమును ఉపసంహరించెను. అశ్వత్థామకు ఆ శక్తి లేకపోయెను. అతని అస్త్రము ఉత్తర గర్భమందలి శిశువుపై పడెను. ప్రయోగించుటతోపాటు మరలించుటయు నేర్చినవాడే నిజమైన వీరుడు. నేటి యుద్ధములను గూర్చి ఆలోచించువారు ఈ కథను మరువరాదు.

యుద్ధస్వరూపము మన కన్నులయెదుటనే మారిపోవుచున్నది. 2020వ సంవత్సరమున ఆర్మీనియా, అజర్‌బైజాను దేశములు 44 దినములు పోరాడినవి. అందు మానవరహిత విమానములగు డ్రోనులు శత్రువుల శకటములను, ఫిరంగులను వెదకి ధ్వంసము చేసినవి. 2022లో రష్యా ఉక్రెయిను మీద దండెత్తిన పిదప ఈ మార్పు మరింత స్పష్టమయ్యెను. అల్పవ్యయముతో తయారైన చిన్న డ్రోను, కోట్ల విలువగల యుద్ధశకటమును కూల్చగలుగుచున్నది. పైనుండి సర్వమును కనబడుచుండుటచే సేనలు ఒక్కచోట గుమిగూడుటయే అపాయకరమైనది.

ఇది ఆయుధమునందలి మార్పు. రానున్నది నిర్ణయమునందలి మార్పు. లక్ష్యమును వెదకుట, ఎన్నుకొనుట, కొట్టుట అను మూడు పనులను మనుష్యుని ప్రమేయము లేకయే యంత్రము చేయునట్లు కృత్రిమమేధ సాయముతో ప్రయత్నములు జరుగుచున్నవి. యంత్రమునకు అలసట లేదు, కోపము లేదు, పగ లేదు. మన సైనికుల ప్రాణములును దక్కునని కొందరు వాదింతురు. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని యంత్రమునకు కోపము లేనట్లే జాలియు లేదు, సందేహమును లేదు.

సందేహము విలువ ఎంతటిదో 1983వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన తేటపడెను. ఆ రాత్రి సోవియట్ దేశమున స్తానిస్లావ్ పెత్రోవ్ అను సైనికాధికారి కావలియున్న కేంద్రములో, అమెరికా ఐదు క్షిపణులను ప్రయోగించినదని కంప్యూటరు హెచ్చరించెను. యుద్ధము ఆరంభింపదలచినవారు ఐదింటినే పంపుదురా యని అతడు శంకించి, అది యంత్రదోషమని పై అధికారులకు నివేదించెను. అదియే నిజమయ్యెను. మేఘములపై ప్రతిఫలించిన సూర్యకాంతిని ఉపగ్రహము క్షిపణిజ్వాలగా భ్రమించినది. ఒక మనుష్యుని సందేహము లోకమును పెనుముప్పునుండి తప్పించెను. మరి, యంత్రమే తీర్పరియై పొరపాటున ఒక పసివానిని చంపినచో, ఎవరిని బోనులో నిలుపుదుము?

ఆయుధములకు హద్దు లేర్పరచుట అసాధ్యమని నిరాశపడ నక్కరలేదు. 1915లో బెల్జియమునందలి ఈప్ర్ పట్టణము చెంత జర్మను సేనలు విషవాయువును వదలగా అనేక సైనికులు ఊపిరాడక మరణించిరి. లోకము భీతిల్లెను. 1925లో జెనీవా ఒడంబడిక యుద్ధమున అట్టి వాయువుల వాడుకను నిషేధించెను. 1997లో అమలునకు వచ్చిన మరియొక ఒడంబడిక రసాయనాయుధముల తయారీని, నిలువను గూడ నిషేధించెను. ఈ కట్టుబాటును మీరినవారు లేకపోలేదు; కాని మీరినవారు సైతము ఆ మాట ఒప్పుకొనుటకు వెనుదీయుచున్నారు. స్వయంచాలకాయుధముల విషయమునను ఐక్యరాజ్యసమితి సాధారణసభ 2023లో తొలి తీర్మానమును ఆమోదించినది. ఆ దారిన వేగముగా సాగవలెను.

దేశరక్షణకు శాస్త్రము వలయును. అందు వెనుకబడుట క్షేమము గాదు. యంత్రము చూడవచ్చును, లెక్కింపవచ్చును, హెచ్చరింపవచ్చును. ప్రాణము తీయు ఆజ్ఞ మాత్రము మనుష్యుని యధీనమున నుండవలెను. నేటి బాలబాలికలలో కొందరు రేపు ఇట్టి యంత్రములను నిర్మింతురు. ప్రయోగవిద్యతోపాటు ఉపసంహారవిద్యను గూడ వారు అభ్యసింతురు గాక!