ఇల్లు బండిలో, పొయ్యి బయట

స్కాట్లండు ఉత్తరపు కొసను చుట్టివచ్చు సముద్రతీరపు బాటకు 2015లో ‘నార్త్ కోస్ట్ 500’ అని పేరు పెట్టిరి. అది ఇన్వర్‌నెస్ కోటవద్ద మొదలై, సుమారు 500 మైళ్లు తిరిగి, మరల ఆ కోటవద్దకే చేరును. నాటినుండి వేసవి వచ్చినదంటే చాలు, ఆ ఇరుకుబాటపై కాంపర్ వ్యానులు బారులు తీరుచున్నవి. పడక, నీళ్లతొట్టి, అలమర అన్నియు ఇమిడిన ఆ చక్రాల ఇండ్లలో బ్రిటనున స్థిరపడిన తెలుగు కుటుంబములును ఉన్నవి. వారి సామానులో బియ్యము, కందిపప్పు, చింతపండు ఉండుటలో వింత యేమున్నది? 1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి డేరాలతో కాశికి బయలుదేరిన కాలమున దారిపొడుగునా వంట సాగవలసినదే. డేరా పోయి బండి వచ్చినది, ఆకలి మారలేదు.

ఇట్టి యాత్రకు, బండి వెలుపల పెట్టి వండుకొను చిన్న పొయ్యి ఒకటి కావలెను. వ్యానులోనే పొయ్యి ఉండగా మరియొకటి ఎందుకని కొందరు అడుగుదురు. ఇంగువ తాలింపు వేసిన బండిలోనే ఆ రాత్రి పడుకొనవలసి వచ్చినవారు ఆ ప్రశ్న రెండవమారు అడుగరు.

కొనువారు అంగడిలో చూచునవి మూడు: మంట ఎంత పెద్దది, వెల యెంత, మడిచినచో ఎంత చిన్నదగును. ఇవి చూడదగినవే గాని, మొదట చూడదగినవి కావు. ఎండ కాచు మధ్యాహ్నమును తలచుకొని పొయ్యి కొనరాదు. గాలివాన కొట్టు సాయంకాలమును తలచుకొని కొనవలెను. ఆ సాయంకాలమున అది బయట మండకపోయినచో, పిల్లలు ఆకలి అనుచుండగా, యజమాని దానిని ఎత్తి లోపలికి తెచ్చును. ప్రాణముమీదికి వచ్చునది అక్కడనే.

గ్యాసు అనునది ఒక్కటే అనుకొనుట మొదటి పొరపాటు. బ్రిటనులో సాధారణముగా నీలిరంగు సిలిండరులో బ్యూటేనును, ఎర్రరంగు దానిలో ప్రొపేనును అమ్ముదురు. ద్రవరూపమున నున్న బ్యూటేను సున్నకు అరడిగ్రీ దిగువకు చల్లబడినచో డబ్బానుండి వెలువడదు. ప్రొపేను సున్నకు 42 డిగ్రీల దిగువవరకు ఆవిరి అగుచునే ఉండును. పైగా వాడుచున్నకొలది డబ్బా తనంత తాను మరింత చల్లబడును. కనుక బయట నాలుగైదు డిగ్రీలు మాత్రమే ఉన్న ఏప్రిల్ ఉదయమున బ్యూటేను మంట సన్నగిల్లిపోవును. డబ్బా ఊపి చూచినచో లోపల సరకు మిగిలియే ఉండును. అమ్మినవానిని తిట్టి ప్రయోజనము లేదు. చలిప్రదేశమునకు పోవువారు ప్రొపేనుతో మండుదానినే కోరవలెను.

సూట్‌కేసువంటి చిన్న పెట్టెలో అమరి, పక్కనే పావుకిలో పట్టు డబ్బాను పడుకోబెట్టుకొను ఒంటిపొయ్యి చవుకైనది. టీ కాచుకొను ఇద్దరికి అది చాలును. నిండు మంటపై ఆ డబ్బా గంట, గంటంబావుకంటె ఎక్కువ నిలువదు. అన్నము, పప్పు, కూర అను మూడింటితో గాని తీరని తెలుగు భోజనమునకు పూటకొక డబ్బా ఖాళీ అయినను ఆశ్చర్యపడరాదు. దానిపై వెడల్పాటి పెనము పెట్టి దోసెలు పోయబూనుట మరియు ప్రమాదము. పెనము అంచు డబ్బామీదికి వాలినచో వేడి తగిలి లోపలి ఒత్తిడి పెరుగును; అట్లు డబ్బాలు పేలిన సందర్భములు కలవు. గొట్టముతో కలిపి సిలిండరును దూరముగా నుంచదగిన పొయ్యి కుటుంబమునకు మేలు.

ఇక గాలి. ఆ తీరమున గాలి లేని దినము అరుదు. అంగడివారు గొప్పగా చెప్పు మంటలో చాలభాగమును ఆ గాలియే తినివేయును. స్వీడనులోని ట్రాంజియా వారు 1951లోనే గాలిమరుగును పొయ్యితో ఏకముగా చేర్చి సిద్ధపరచిరి. అది స్పిరిటుతో మండునది. మెల్లగా మండును గాని గాలికి జడియదు. అయితే పగటివెలుగులో స్పిరిటు మంట కంటికి ఆనదు కనుక, ఆరినదనుకొని మరల పోయబోయి చేయి కాల్చుకొనువారు ఉందురు. ఆ దేశమువాడే యగు లిండ్‌క్విస్టు 1892లో కల్పించిన ప్రైమస్ స్టౌ, మన ఇండ్లలో పంపు స్టౌ అని పేరుపడినది, చలిని లెక్కచేయదు. 1911లో అముండ్సెన్ దక్షిణధ్రువమునకు చేరిన యాత్రలో తోడుగా నున్నది అదియే. కాని పిన్నుతో పొడిచి, పంపుకొట్టి, దాని హోరును భరించు ఓపిక నేటివారికి ఉండునా?

విద్యుత్ పొయ్యి సంగతి ఒక్కమాటలో తీరును. రెండువేల వాట్ల పొయ్యిని పన్నెండు వోల్టుల బ్యాటరీపై నడుపవలెనన్న సుమారు 170 ఆంపియర్లు లాగవలెను. విడిదిస్థలమున కరెంటు తీగ దొరకినప్పుడు తప్ప అది అలంకారము.

గాలి నిలిచినప్పుడు సుఖమా యన్న అదియును లేదు. గాలి పడిపోయిన వేసవి సాయంకాలములందు అక్కడ మిడ్జి అను నుసుములు గుంపులు గుంపులుగా లేచి ముఖమును, చేతులను కుట్టి చంపును. గాలి వీచినచో అవి ఎగురలేవు, మంట నిలువదు. గాలి ఆగినచో మంట నిలుచును, మనిషి నిలువలేడు. ఎంత నిబ్బరము గలవాడైనను ‘తలుపు మూసికొని లోపల వండుకొందము’ అను గడియ ఇదియే.

బయటి వాడుకకై చేసిన పొయ్యికి గాలి కావలసినంత దొరకునను భరోసాపైననే రూపము ఏర్పడినది. మూసిన బండిలో గాలి చాలనప్పుడు అది కార్బన్ మోనాక్సైడును పుట్టించును. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువుకంటె దానిని రెండువందల రెట్లు గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, మగత తోచును. ప్రయాణపు బడలిక యనుకొని పడుకొందురు. బొగ్గుల పొయ్యి ఇంకను పాపిష్ఠిది: మంట ఆరి, బూడిద కప్పిన తరువాత కూడ గంటలకొలది ఆ విషమును చిమ్ముచునే ఉండును. వెచ్చదనమునకై దానిని గుడారములోనికో, వ్యానులోనికో తెచ్చుకొని పడుకొన్నవారు తెల్లవారి లేవకపోయిన ఉదంతములు బ్రిటనులో ఒకటికంటె ఎక్కువ జరిగినవి.

కుంపటి మనకు కొత్తది కాదే, బాలింత గదిలోనే పెట్టుకొంటిమి గదా అను పెద్దలు ఉందురు. పెంకుటింటి కప్పునకు నూరు సందులు. రబ్బరు అంచులతో బిగిసిన వ్యాను తలుపునకు ఒక్కటియు లేదు. ఆ పోలిక చెల్లదు. కిటికీ వేలెడు తెరచితిమను సమాధానమును అంతే. మూడువైపుల తెరలు దించిన పందిరికూడ ఈ విషయమున బయట కాదు, లోపలే.

వ్యానులో బిగించిన పొయ్యి మండగా లేని తప్పు దీనికేల యని వాదింపవచ్చును. తగినట్లు బిగించినదానికి గాలిదారులు విడిచిపెట్టి ఉందురు, మంట ఆరినచో గ్యాసును ఆపు ఏర్పాటు ఉండును. చవుకపొయ్యిలలో పెక్కింటికి ఆ ఏర్పాటు లేదు. గ్యాసు గాలికంటె బరువు; కారినది నేలమట్టమున పేరుకొనును. అందుకే వ్యాను అడుగున రంధ్రములు విడుతురు. చలి దూరుచున్నదని వానిని గుడ్డతో కుక్కువారి తెలివిని ఏమనవలెను!

అంగడిలో అడుగవలసినవి కనుక ఇవి: ప్రొపేనుతో మండునా? బర్నరుచుట్టు గాలిమరుగు ఉన్నదా? కుక్కరు పెట్టిన ఒరుగని వెడల్పాటి అడుగు ఉన్నదా? వానలో చేతులు వణకుచుండగా వెలుగునా? వెల తరువాతి మాట. తగ్గినంతలో మిగిలిన సొమ్ముతో మోనాక్సైడును కనిపెట్టు అలారమును కొనవలెను. దానిని సంచిలో దాచక లోపల తగిలింపవలెను.

ఇవన్నియు కుదిరినను పొయ్యి వెలుగని సాయంకాలము ఒకటి రెండు రాకపోవు. అప్పుడు ఉదయపు ఎండలో వండి, చింతపండు పులుసు కలిపి డబ్బాకెత్తిన పులిహోర ఉండనే ఉన్నది. బయట నుసుములు అద్దమునకు కొట్టుకొనుచుండగా, మంట లేని బండిలో కూర్చుండి, నలుగురును దానిని పంచుకొని తినవచ్చును.