మాహిష్మతి యే భాషలో మాటలాడును?

2025 అక్టోబరు 31న ‘బాహుబలి’ రెండు భాగములను ఒక్కటిగా కూర్చి ‘ది ఎపిక్’ అను పేరిట మరల విడుదల చేసినారు. 2015లో మొదటి భాగమును, 2017లో రెండవ భాగమును చూచిన బాలురు నేడు కళాశాల విద్యార్థులు. రామంతాపూరునుండి తార్నాకమీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోవు బస్సులలో మాహిష్మతి ముచ్చట మరల వినవచ్చినది. ఆ కోట లేచిన రామోజీ ఫిల్మ్ సిటీ రామంతాపూరునకు గంట ప్రయాణము. మాహిష్మతి మనకు పొరుగూరే యన్నమాట.

అయితే ఆ రాజ్యపు పూర్వకథను ఆనంద్ నీలకంఠన్ మూడు నవలలుగా వ్రాసినారు. 2017లో ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ వచ్చినది. ‘చతురంగ’, ‘క్వీన్ ఆఫ్ మాహిష్మతి’ దాని తరువాతివి. మూడింటి మూలము ఆంగ్లమే. చిత్రములో కాలకేయులకు కిలికి భాషను కల్పించినవారు తమిళ గీతరచయిత మదన్ కార్కీ. వారి కృషి మెచ్చదగినదే. తెలుగు గద్యమున ఆ పని ఏల జరుగలేదన్నది మనము వేసికొనవలసిన ప్రశ్న.

కల్పిత లోకములు మనకు క్రొత్తవి కావు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ కథను తన యూహనుండియే యల్లినాడు. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ సంపుటములుగా వెలువరించినారు. 1951 నాటి ‘పాతాళభైరవి’కి బీజ మచ్చటిదే. 1954లో ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తొలి సంపుటమును ప్రకటించినాడు. ఆ యేటనే మదరాసునుండి వెలువడు ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యముగారి ‘తోకచుక్క’ ధారావాహిక మొదలైనది. టోల్కీన్ ముందు భాషలను కల్పించి, పిదప వానికొక లోకమును కట్టినాడు. దాసరివారికి ఉన్న తెలుగే చాలినది. కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ అను పేర్లు వినగానే బాలుని కన్నులయెదుట దేశములు నిలిచెడివి.

తెరపై లోకమును ఇతరులు కట్టి చూపుదురు. పుటలో దానిని చదువరియే మాటలతో కట్టుకొనవలెను. ఒకనాడు తరగతిలో “అగడ్త యన నేమి?” అని అడిగితిని. మాహిష్మతి కోటను చూడనివారు అందు లేరు. ఆ మాట నెరిగినవారును లేరు. నెలనెలా ధారావాహిక చదివిన తరమునకు అగడ్త, బురుజు, సొరంగము అను మాటలు కథతోపాటే అబ్బినవి.

‘చందమామ’ అచ్చు నిలిచి పదేండ్లు దాటినది. ఆ ధారావాహికలు పుస్తకములుగా వచ్చియున్నవి. ఉపాధ్యాయులకు నా మనవి యిది. వారమునకొక గంట, పరీక్షలతో పనిలేకుండ, ఒక ధారావాహికను తరగతిలో బిగ్గరగా చదివింపుడు. ఒక ఘట్టమున ఆపి, తరువాతి కథను విద్యార్థులనే వ్రాయుమనుడు. మార్కులు వేయవలదు.

పురాణములలో మాహిష్మతి నర్మదాతీరమున హైహయుల రాజధాని. ఆ పాతపేరున మనవారు క్రొత్త రాజ్యమును నిలిపినారు. అట్టి యూహ మన పిల్లలకును కలదు. వారికి కొరవడినది మాట. దాని నందించవలసినది బడి.