ఫుల్ ఇన్సూరెన్స్ ఎంతవరకు ఫుల్?



మా కారుకు యాక్సిడెంట్ అయి వేలూరు షెడ్డులో 18 రోజులు ఉండింది. రిపేరు డబ్బులు ఇన్సూరెన్సులో వచ్చాయి. ఆ రోజుల్లో మోర్ధానా నుంచి అమ్మను సీఎంసీ ఆస్పత్రికి తీసుకుపోయిన టాక్సీ బాడుగ మాత్రం రాలేదు. "మీరు ఫుల్ ఇన్సూరెన్స్ అన్నారు కదా?" అంటే, "దానికి డైలీ అలవెన్స్ వేరేగా కట్టాల సార్" అన్నాడు ఏజెంటు.

అది కట్టినా పూర్తి బాడుగ రాదు. రోజుకింత, ఇన్ని రోజులే అని లెక్క. మొదటి కొన్ని రోజులు మామూలుగా మన నెత్తినే.

షరతులు ఉండటం తప్పు కాదు. అమ్మేటప్పుడు చెప్పకపోవడం తప్పు. అడగకపోవడం నా తప్పు.

రెన్యువల్‌కు ముందు మీరైనా అడగండి: "బండి షెడ్డులో ఉంటే రోజుకెంత ఇస్తారు? ఎన్నో రోజు నుంచి? ఎన్నాళ్లు?" జవాబు రాసిమ్మనండి.